ఉల్లిగడ్డల పిట్టకథ

మా మేళంలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను రెండే అడుగుతారు. గొంతు పోకుండా ఏం తాగాలి, పట్నంలో ప్రోగ్రాం ఎప్పుడుంది అని. మొదటిదానికి జవాబు గోరువెచ్చటి నీళ్లు. రెండోది నాకూ తెలీదు. ఇంకొకటి అడుగుతారేమోనని నలభై ఏళ్లుగా చూస్తున్నాను, ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెప్పేస్తే నా బరువు దిగుతుందని ఇది రాస్తున్నాను.

ఒగ్గు కథ తెలియనివాళ్లకు రెండు ముక్కలు. మేం దేవుళ్ల కథలు చెబుతాం. ఒకడు ముందుండి చెబుతాడు, పాడతాడు, ఎగురుతాడు. ఇద్దరు వెనక నిలబడి వంత పలుకుతారు. డోళ్లు, తాళాలు మోగుతుంటాయి. పెద్దకథ నాలుగైదు గంటలు సాగుతుంది కాబట్టి మధ్యలో జనం కునికిపాట్లు పడతారు. అప్పుడు కథను అక్కడే ఆపి ఒక పిట్టకథ వేస్తాం. అందులో ఎవడో ఒకడు దొరికిపోతాడు, జనం నవ్వుతారు, నిద్ర వదులుతుంది, మళ్లీ పెద్దకథలోకి వెళ్తాం. పెద్దకథను గురువు నేర్పుతాడు. మా మేనమామ నాకు పన్నెండేళ్లు నేర్పాడు. పిట్టకథను ఎవరూ నేర్పరు. అది వినేవాళ్లలోంచే అప్పటికప్పుడు పుట్టాలి. పిల్లలు నన్ను అడగనిది దాని గురించే.

అది ఎట్లా పుట్టకూడదో నేను ఒమాన్ దేశంలో, సమాయిల్ అనే ఊళ్లో తెలుసుకున్నాను. గోడలకు నీళ్లు కొడుతూ.

మేస్త్రీ కొమురయ్య

డెబ్బైల్లో మా జగిత్యాల వైపు రెండేళ్లు వరసగా వానల్లేవు. గొర్రెలు అమ్ముకున్నవాళ్లు దేవుళ్లకు కొలుపులేం చేయిస్తారు? కొలుపుల్లేకపోతే మాకు కథల్లేవు. అప్పుడే మా వైపు మనుషులు మస్కట్ పోవడం మొదలైంది. నేనూ ఏజెంటు దగ్గరికి పోయాను. కాగితం మీద వృత్తి అని ఉన్నచోట ఏం రాయమంటావన్నాడు. "ఒగ్గు కథ చెప్త" అన్నాను. ఆయన కలం కింద పెట్టి నన్ను కాసేపు చూసి, "కథలు చెప్పేటోనికి వీసా ఎవడిస్తడే? అక్కడ గోడలు కట్టాలె" అని మేస్త్రీ అని రాశాడు. అట్లా ఇరవై ఆరేళ్ల వయసులో నాకు మేస్త్రీతనం వచ్చింది.

సమాయిల్ అంటే రెండు కొండల వరసల మధ్య ఖర్జూర తోటలు. తోటల్లో సన్నటి రాతి కాలువలు. ఆ తోటల అవతల మా కంపెనీ ఒక బడి కడుతోంది. మా ఫోర్‌మన్ ఖాదర్ భాయ్. ఎక్కడివాడో చెప్పేవాడు కాదు. హైద్రాబాదీ ఉర్దూ, దానిమీద అరబ్బీ మాట్లాడేవాడు. తెలుగు ఒక్క ముక్క రాదనేవాడు. నేను కట్టిన మొదటి గోడను ఆయన అటు నుంచి చూశాడు, ఇటు నుంచి చూశాడు, వంగి చూశాడు.

"క్యా కొమురయ్యా, యే దీవార్ హై యా సాప్?"

గోడా, పామా అని. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఆయన మీద కోపం రాదు. పాముకే కొంచెం తిన్నదనం ఎక్కువ. ఆ మధ్యాహ్నమే గోడను పడగొట్టించి, నా చేతికి నీళ్ల పైపు ఇచ్చాడు. ఎండకు సిమెంటు పగలకుండా కట్టిన గోడలన్నిటికీ పొద్దస్తమానం నీళ్లు కొట్టడం నా డ్యూటీ. ఆ పనికి బుద్ధి అక్కర్లేదు కాబట్టి పాడుకోవడానికి వీలుగా ఉండేది. ఆ దేశంలో నా మొదటి శ్రోతలు గోడలు. లేచి వెళ్లిపోలేదు, అదే పదివేలు.

మొదటి జుమ్మా

క్యాంపులో మా కరీంనగర్, నిజామాబాదు వాళ్లం ముప్పై మంది దాకా ఉండేవాళ్లం. శుక్రవారం, అంటే జుమ్మా, సెలవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కథ చెప్పమన్నారు. డోలు లేదు, నూనె డబ్బా ఉంది. తాళాలు లేవు, రెండు స్టీలు గిన్నెలున్నాయి. నాకున్న విద్యంతా చూపిద్దామని మా మామ నేర్పిన పద్ధతిలోనే మొదలుపెట్టాను. గణపతిని తలిచాను, సరస్వతిని తలిచాను, గ్రామదేవతలను పేరుపేరునా పిలిచాను. అష్టదిక్కుల వాళ్లను పిలవడం పూర్తయ్యేసరికి ముప్పై మందిలో ఇరవై మంది గురక పెడుతున్నారు. డబ్బా కొట్టేవాడు కూడా.

ఆరు రోజులు ఎండలో ఇనుము మోసిన మనిషికి దేవతలను గంటసేపు పిలిచే ఓపిక ఉండదు. ఆ తర్వాతి జుమ్మా నుంచి కథను నడిమధ్య నుంచి ఎత్తుకున్నాను. దేవుడు అప్పటికే కష్టాల్లో ఉంటాడు, వీళ్లూ కష్టాల్లో ఉన్నారు, ఇద్దరికీ జత కుదిరింది. పిల్లలూ, మీరు కార్డ్‌లెస్ మైకు దొరికితే ముందు అరగంట "హలో, చెక్" అంటారు కదా, మీకే చెబుతున్నాను.

ఖాదర్ భాయ్ కథ జరిగినప్పుడల్లా అవతలి రూము గుమ్మంలో కుర్చీ వేసుకుని పేపరు చదివేవాడు. చప్పుడు తగ్గించమని అప్పుడప్పుడు కసిరేవాడు. నెల తర్వాత ఒక జుమ్మానాడు నేను కథలో రాజుగారి చిన్నభార్యకు ఎర్రచీర కట్టాను. పేపరు వెనక నుంచి మాట వచ్చింది.

"పోయిన వారం పచ్చచీర అన్నవ్ గదనే."

అచ్చమైన జగిత్యాల తెలుగు. అందరం అటు తిరిగాం. ఆయన పేపరు మడిచి, "చిన్నప్పుడు అక్కడ్నే పెరిగిన. తెలుగు వచ్చంటే మీరు నన్ను ఛుట్టీలు అడిగి సంపుతరు" అని లోపలికి పోయాడు. మరుసటి వారం కుర్చీ మా మధ్యలోకి వచ్చింది. నా కథల్లో తప్పులు ఆయన పట్టినంతగా మా మామ కూడా పట్టలేదు.

సాలిం కట్టిన పద్యం

బడి పక్క తోట సాలిం అనే ముసలాయనది. ఆయనకు తెలుగు రాదు, నాకు అరబ్బీ రాదు. అయినా ప్రతి జుమ్మాకి వచ్చి గోడవారన కూర్చుని, కర్ర గడ్డానికి ఆనించుకుని వినేవాడు. ఖాదర్ భాయ్ చెప్పాకే తెలిసింది, ఆయన ఆ ఊరి కవి అని. చదువు లేదు, రాత లేదు. మగవాళ్లు కత్తులు పట్టుకుని రెండు వరసల్లో ఎదురెదురుగా నిలబడి, డప్పుల దరువుకి నడుస్తూ పద్యానికి పద్యం బదులు చెప్పుకునే ఆట వాళ్లకు ఉంది. ఒక వరస పద్యం వేస్తే అవతలి వరస దాన్ని అందుకుని మించిపోవాలి. సాలిం అందులో ఆరితేరినవాడు.

ఒకరోజు ఊళ్లో పెళ్లి ఉందని ఖాదర్ భాయ్‌ని, నన్ను పిలిచాడు. సాయంత్రం ఎండ తగ్గుతుండగా తోట పక్క మైదానంలో వరసలు కట్టారు. నడుస్తూ నడుస్తూ సాలిం నా ముందు ఆగాడు. నా వైపు చూసి ఏదో అడిగాడు. నాకేం తెలుసు, మనం తల ఊపినట్టు అటూ ఇటూ ఊపాను. మళ్లీ అడిగాడు. మళ్లీ ఊపాను. అప్పుడు గొంతెత్తాడు. రెండు వరసలూ గొల్లుమన్నాయి. ఖాదర్ భాయ్ నవ్వుతూనే ఆ పద్యాన్ని నా చెవిలో తెలుగు చేసి చెప్పాడు: "మన ఊరికి హిందుస్తాన్ నుంచి ఒకడొచ్చాడు. మనం పిల్లలకు పాట పాడి పాలు తాగిస్తాం, వాడు గోడలకు పాట పాడి నీళ్లు తాగిస్తాడు. ఆ బడిలో గోడలే మన పిల్లలకంటే ముందు చదువు నేర్చేస్తాయి" అని.

నేనూ నవ్వాను. ఒంటి మీద వెంట్రుకలు లేచాయి కూడా. ఎదురుగా ఉన్న మనిషిని చూసి రెండు క్షణాల్లో అంత మాట కట్టడం! నేనూ కట్టగలను అనుకున్నాను. ఆయన ఏం చేశాడో చూశాను. అంతకు ముందు నన్ను ఏమడిగాడో కనుక్కోలేదు.

నేను చేసిన తప్పు

నా రూములో రాజమల్లు అని ఉండేవాడు. నాకంటే మూడేళ్లు పెద్ద, మెత్తటి మనిషి. మెస్సులో వంటవాడి దగ్గర పని. రోజుకు బస్తా ఉల్లిగడ్డలు కోసేవాడు. రాయడం రాదు కాబట్టి భార్యకు ఉత్తరాలు నాచేత రాయించేవాడు. మొదటి ఉత్తరంలోనే గొంతు తగ్గించి, "క్రేన్ నడుపుతున్నా అని రాయే" అన్నాడు. రాశాను. రెండో ఉత్తరంలో ఆ క్రేన్ ఇంకొంచెం పెరిగింది. ఆరు నెలలయ్యేసరికి పైనుంచి చూస్తే సముద్రం, అందులో ఓడలూ కనపడేంత ఎత్తయింది. సమాయిల్ నుంచి సముద్రం ఏ క్రేన్ ఎక్కినా కనపడదు. నేనూ ఉత్సాహంగానే రాశాను మరి, ఆ ఓడలు నావే.

పెళ్లి నుంచి వచ్చిన వారం కథలో జనం కొంచెం వాలారు. నేను పిట్టకథ ఎత్తుకున్నాను. సముద్రం దాటిపోయిన ఒక మొనగాడు. పెళ్లానికి ఆకాశమంత క్రేన్ ఎక్కానని కబురు పెడతాడు. ఇక్కడ పీట మీద కూర్చుని పొద్దున్నుంచి ఏడుస్తాడు. ఎందుకురా ఏడుస్తున్నావంటే ఉల్లిగడ్డలు. అక్కడ పెళ్లాం మొగుడి కోసం ఏడుస్తుంది, ఇక్కడ మొగుడు ఉల్లిగడ్డల మీద ఏడుస్తాడు. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు, ముప్పై తలలు ఒక్కసారి మెస్సు వైపు తిరిగాయి. మెస్సు గుమ్మంలో కూర్చున్న రాజమల్లు అందరికంటే ముందు నవ్వాడు. ఆ నవ్వును నేను మెప్పు అనుకున్నాను.

పోచయ్య అని రాజమల్లు ఊరివాడే ఒకడు ఆ రోజు కథంతా క్యాసెట్లో పట్టాడు. నెల తిరక్కుండా సెలవు మీద ఇంటికి పోతూ, మనవాళ్లు వింటారని ఆ క్యాసెట్టు పట్టుకుపోయాడు. అతని మనసులో ఏ కల్మషమూ లేదు. ఊళ్లో పదిమంది కూర్చునే చోట పెట్టి వినిపించాడట.

ఆ తర్వాత రాజమల్లు తమ్ముడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. చదవాల్సింది నేనే.

"అన్నకు దండాలు" నుంచి మొదలుపెట్టి పశువుల సంగతి, బావి సంగతి చదివాను. ఆ కింద ఉంది: "ఊరోళ్లు నిన్ను ఉల్లిగడ్డల డ్రైవర్ అంటున్నరు. వదిన బాయికాడికి పోతలేదు. గిది నిజమేనా?"

నా నోరు ఆగింది. నేను కథలు కట్టేవాడిని. ఆ మూడు వాక్యాల బదులు వేరే మూడు వాక్యాలు అల్లడానికి నాకు ఊపిరి తీసుకునేంత సేపు చాలు. అల్లాను కూడా, నాలుక చివర ఉన్నాయి.

"ఆగినవేంది? సదువు" అన్నాడు రాజమల్లు.

ఉన్నది ఉన్నట్టు చదివాను. ఆ మొత్తం వ్యవహారంలో నేను చేసిన మంచి పని అదొక్కటే. రాజమల్లు ఉత్తరం తీసుకుని నాలుగు మడతలు పెట్టాడు.  సాయంత్రానికి పరుపు చుట్టుకుని వేరే రూముకి పోయాడు. రెండు నెలల్లో అతనికి సెలవు ఉంది, రెండేళ్లకొకసారి వచ్చే సెలవు. మరునాడు ఖాదర్ భాయ్ దగ్గరికి పోయి అది వద్దని చెప్పాడు. ఎందుకురా అంటే, "ఏ మొకం వెట్టుకొని పోవాలె భాయ్?" అన్నాడట.

దాన్ని ఇంకా పాడుచేశాను

తప్పు చేసినవాడు తనకు వచ్చిన విద్యతోనే దాన్ని దిద్దాలని చూస్తాడు. నేనూ అదే చేశాను. వచ్చే జుమ్మాకి రాజమల్లును పొగుడుతూ ఇంకో పిట్టకథ కట్టాను. అతను కోసిన ఉల్లిగడ్డ లేకపోతే కంపెనీ కుప్పకూలుతుందని, అతని కత్తికి దేవతలు దండం పెడుతున్నారని. జనం మొదటిదానికంటే ఎక్కువ నవ్వారు. రాజమల్లు అక్కడ లేడు. కానీ మెస్సు గోడలు రేకులవి.

ఖాదర్ భాయ్ నన్ను పక్కకు లాగాడు. అంత కోపంగా ఆయన్ను పాము గోడ దగ్గర కూడా చూడలేదు.

"మాఫీ మాంగ్నా హై తో సీదా మాంగో. గాకే నక్కో!" అన్నాడు. మళ్లీ నాకు అర్థం కాలేదేమోనని తెలుగులో, "తప్పయిందని నోటితో చెప్పు. పాట పాడకు" అన్నాడు.

అక్కడే గోడవారన కూర్చున్న సాలిం ఏమైందని అడిగాడు. ఖాదర్ భాయ్ అంతా చెప్పాడు. ముసలాయన చాలాసేపు కర్రతో నేల గీసి, నావైపు తిరిగి మాట్లాడాడు. ఖాదర్ భాయ్ తెలుగు చేశాడు.

"పెళ్లిలో నీ మీద పద్యం కట్టొచ్చా అని నిన్ను అడిగాను. నువ్వు ఊపిన తల అవునో కాదో తెలియక రెండుసార్లు అడిగాను. మా ఊళ్లో వాళ్ల మీద నా దగ్గర ఎన్నో పద్యాలున్నాయి, నీ మీద కట్టినదానికంటే మంచివి. వాళ్లు ఒప్పుకోలేదు. నాతోనే పోతాయి."

అంత విద్య ఉన్నవాడు మంచి పద్యాన్ని నోట్లో పెట్టుకుని మింగుతాడని నాకు అప్పటిదాకా తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ తర్వాతి జుమ్మాకి కథ లేదన్నాను. మెస్సులోకి పోయి రాజమల్లు ఎదురుగా పీట వేసుకుని కత్తి తీసుకున్నాను. మూడో గడ్డకే కళ్లు ధారలు కట్టాయి. అరగంట ఇద్దరం కోశాం.

"అన్నా, నువ్వు ఉత్తరంల రాయమన్న మాట నా చెవిల చెప్పినవ్. దాన్ని తీసి నలుగురి ముంగట పెట్టిన. తప్పయింది."

రాజమల్లు కత్తి ఆపలేదు. "నీ కథ మంచిగుండెరా కొమురయ్యా" అన్నాడు. "గదే నాకు మంట. మంచిగ లేకుంటే ఊళ్లె ఎవలు విందురు?"

క్షమించానని అనలేదు. రేపు కూడా రమ్మనలేదు. కానీ లేచేటప్పుడు, "పెద్ద ముక్కలు కోస్తున్నవ్. గట్ల గాదు" అని నా చేతిలో కత్తి సరిగా పట్టించాడు. డ్యూటీ అయ్యాక రోజూ పోవడం మొదలుపెట్టాను.

ఊరి నుంచి వచ్చిన క్యాసెట్టు

పోచయ్య సెలవు నుంచి తిరిగి వచ్చాడు. జరిగింది తెలిసి అతనూ తలెత్తలేకపోయాడు. రాజమల్లు చేతిలో ఒక క్యాసెట్టు పెట్టి, "వదిన ఇచ్చింది. నన్ను బయట నిలబెట్టి రికార్డు చేసింది. ఏమున్నదో నాకెర్క లేదు" అన్నాడు.

రాజమల్లు దాన్ని పది రోజులు అంగీ జేబులో పెట్టుకు తిరిగాడు. వంటవాడు అడిగితే తిట్టాడు. చివరికి ఒక జుమ్మానాడు నన్ను పిలిచాడు. "తిట్లే ఉంటయి. సగం నీయే. నువ్వు గూడ విను." ఖాదర్ భాయ్ టేప్‌రికార్డర్ ఇచ్చి, మర్యాదగా బయటికి పోయి, కిటికీ పక్కనే నిలబడ్డాడు.

మొదట గాజుల చప్పుడు. ఎవరో ఆడవాళ్లు నవ్వుతున్నారు. తర్వాత ఒక గొంతు, రాజమల్లు భార్యది, దాని వెనక "ఓ వదినా" అని వంత పలికే నలుగురైదుగురు. నాట్లేసేటప్పుడు పాడే వరస.

*అటక మీది కుండ అందుకోనోడు, ఓ వదినా*
*ఆకాశమంత క్రేను ఎట్లెక్కెనే, ఓ వదినా*
*ఉత్తరాల ఓడలు ఊరేగివచ్చె, ఓ వదినా*
*నవ్వుకుంట దాసుకుంటి నమ్మినట్టు నేను, ఓ వదినా*

రాజమల్లు నా మొహం చూశాడు. నేను నేల చూశాను. పాట నావైపు తిరిగింది.

*ఒగ్గు చెప్పే అన్నకు ఒక్కమాట చెప్పు, ఓ వదినా*
*ఏడ్చినానని చెప్పె, ఎవలు చూసిరే, ఓ వదినా*
*నవ్వి నవ్వి నడుమే పట్టుకపోయె, ఓ వదినా*
*బాయికాడికి ఎట్ల పోదునే, ఓ వదినా*

పాట ఆగి మామూలు మాట వచ్చింది. "ఇగో, విను. క్రేన్ సంగతి నాకు మొదటి ఉత్తరంలనే ఎర్క. నీకు నిచ్చెన ఎక్కితేనే కండ్లు తిరుగుతయి. రెండేండ్ల సంది వంట నేర్చినవ్ గద, వచ్చి పది దినాలు నాకు వండిపెట్టు. నేను కూసోని తింట. రాకుంటే మాత్రం నిజంగనే ఏడుస్త, గప్పుడు మీ ఒగ్గాయన చెప్పింది నిజమైతది."

టేపు గిర్రున తిరుగుతూనే ఉంది. రాజమల్లు దాన్ని వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాడు. మూడోసారికి నవ్వు మొదలై ఆగలేదు. చేత్తో కళ్లు తుడుచుకున్నాడు, ఆ చేతికి ఉల్లిగడ్డ రసం, దాంతో ఇంకా ఎక్కువైంది. కిటికీ బయట ఖాదర్ భాయ్ నవ్వుతున్నాడు. "సెలవు వద్దన్న కాగితం నేను పంపనే లేదు, నా జేబులనే ఉన్నది" అన్నాడు బయటి నుంచే.

నేను మాత్రం నవ్వలేకపోయాను. పన్నెండేళ్లు గురువు దగ్గర నేర్చినవాడిని. ఆమె ఎనిమిది పాదాల పాటతో, నాలుగు మాటలతో మొగుడిని ఆటపట్టించింది, నిలబెట్టింది, ఇంటికి పిలిచింది. నేను అరగంట చెప్పి మనిషిని పరుపు చుట్టుకునేట్టు చేశాను.

రాజమల్లు సెలవుకి పోయి వచ్చాడు, నాలుగు కిలోలు పెరిగి. తన వంట తానే తిన్నాడట. తిరిగొచ్చాక మళ్లీ నా రూముకే వచ్చాడు. ఉత్తరాలు కూడా రాయించాడు, వాటిలో క్రేన్ లేదు.

అడగడానికి పోయాను

నేను ఒమాన్ వదిలి వచ్చాక మళ్లీ మేళం కట్టాను. శాలువాలు, బిరుదులు అవన్నీ ట్రంకు పెట్టెలో ఉన్నాయి, సర్టిఫికెట్లు ఎలుకలు చదువుతున్నాయి. అవి వదిలేద్దాం. వచ్చిన మొదటి ఏడాదే రాజమల్లు ఊళ్లో కథ ఒప్పుకున్నాను. కథ రోజు పొద్దున్నే వాళ్లింటికి పోయాను. ఆమెను చూడడం అదే మొదటిసారి. అరుగు మీద చాటలో ఆకులు పెట్టుకుని బీడీలు చేస్తోంది.

"అక్కా, నేను కొమురయ్యను. ఒగ్గు చెప్పేటోన్ని" అన్నాను.

"గొంతు గుర్తువట్టిన" అంది, తలెత్తకుండా.

"ఇయ్యాల కథల మీ పిట్టకథ వెయ్యాలని ఉన్నది. నువ్వు ఊ అంటేనే. అన్నను అడిగిన, నిన్ను అడగమన్నడు."

ఆమె ఒక బీడీ చుట్టి, దారం కట్టి, కొస మడిచి చాటలో వేసింది. ఇంకోటి చుట్టింది. నా జీవితంలో ఏ కమిటీ ముందూ అంతసేపు నిలబడలేదు. వద్దంటే వెనక్కి పోదామనే అనుకున్నాను, నిజంగానే.

"ఎయ్యి" అంది చివరికి. "కని ఒక్కటి. అప్పుడు నీ కథల ఆయనకు క్రేన్ ఉన్నది, కత్తి ఉన్నది, ఉల్లిగడ్డలున్నయి. నాకేమున్నది? పెండ్లాం అన్నవ్, గంతే. నాకు పేరు లేదా?"

"నీ పేరేంటిదక్కా?"

అప్పుడు తలెత్తి నన్ను చూసింది. ఎన్నో ఉత్తరాల మీద ఆ పేరు నా చేత్తోనే రాశాను. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా చెప్పింది.

"లచ్చవ్వ. గట్టిగ చెప్పు, ఎనకున్నోళ్లకు ఇనబడాలె."